బంగారు స్ప్రే పక్కన పెట్టండి, ముందు సొరుగు లాగి చూడండి

ప్రశ్న: కొత్త ఇంట్లోకి మారి రెండు నెలలైంది. ఉన్న సామాను మూడు రకాలే. తాతయ్య వాడిన నాలుగు సొరుగుల చెక్క బీరువా ఒకటి, నడుమెత్తు ఉంటుంది, ముదురు గోధుమ రంగు, పైన రెండు తెల్లటి గుండ్రటి మచ్చలు, ఒక నల్ల మచ్చ ఉన్నాయి. పెట్టెలో ముక్కలుగా వస్తే మేమే బిగించుకున్న చవక పుస్తకాల షెల్ఫ్ ఒకటి. ఊగిపోతున్న కుర్చీలు నాలుగు, వాటి మీద ఎప్పటివో రంగు పొరలున్నాయి. వీడియోలు చూసి అన్నిటికీ తెల్ల పెయింట్, అంచులకి గోల్డ్ స్ప్రే వేద్దామని డబ్బాలు తెచ్చేశాను. షెల్ఫ్ మీద ఒక మూల వేసి చూస్తే, మర్నాడు గోరు తగలగానే పొరలా ఊడొచ్చేసింది. ఇంట్లోవాళ్లు ఇవన్నీ తీసేసి కొత్తవి కొందాం అంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. వీటిని ఖరీదైన వాటిలా మార్చడం నిజంగా కుదురుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

కుదురుతుందండీ, నిజంగానే కుదురుతుంది. పారేయకండి. కానీ అన్నిటికీ కలిపి ఒకే తెల్ల డబ్బా, ఒకే గోల్డ్ స్ప్రే అనుకున్నారు చూడండి, అక్కడ నాకు గుండె గుభేలుమంది. మీరు పెయింట్‌ని ముందు షెల్ఫ్ మూల మీద వేసి చూడటం చాలా మంచిదైంది, అదే తాతయ్యగారి బీరువాతో మొదలుపెట్టి ఉంటే ఈ సమాధానం వేరేలా రాయాల్సి వచ్చేది.

ఖరీదైన ఫర్నిచర్ అని మనకి ఎలా తెలుస్తుందో ఒకసారి ఆలోచించండి. షోరూమ్‌లో మంచి బీరువా ముందు నిలబడితే ఎవరైనా చేసేది ఒకటే, చెయ్యి వేస్తారు. అంచు మీద వేలు పోనిచ్చి చూస్తారు, సొరుగు లాగుతారు, అది అడ్డం తిరగకుండా మెత్తగా వచ్చి మెత్తగా వెళ్లిపోతే అప్పుడు ధర చూసి కూడా పెద్దగా ఆశ్చర్యపోరు. కుర్చీ అయితే కూర్చుని కొంచెం వెనక్కి వాలతారు, కిర్రుమనకపోతే బాగుందంటారు. రంగు వీటన్నిటి తర్వాతే. కంటిని రంగుతో ఒప్పించొచ్చు గానీ చేతిని ఒప్పించలేం. అందుకే పాత సామాను బాగుచేసేటప్పుడు నేను సగానికి పైగా సమయం రంగు డబ్బా మూత తీయకముందే ఖర్చుపెడతాను, మీరూ అలాగే పెట్టుకోండి అని నా సలహా. ఊగే కుర్చీకి బంగారు పూత పూస్తే పైన పటారం లోన లొటారం అన్నట్టే ఉంటుంది.

ముందు ఏ వస్తువు దేంతో చేశారో కనిపెట్టాలి. బీరువా సొరుగు ఒకటి పూర్తిగా బయటికి తీసి తిరగేసి చూడండి, రంగు వేయని అడుగు భాగం నిజం చెప్పేస్తుంది. పైపలక అంచు దగ్గర చెక్క చారలు పైనుంచి కిందికి తిరిగి అదే వరుసలో పక్కకి దిగుతుంటే, కోసిన వైపు దుంగ కోసినప్పుడు కనిపించే వలయాల ముక్కలు కనిపిస్తుంటే, అది గట్టి చెక్క. అంచు దగ్గర చాలా పల్చటి పొర ఒకటి వేరుగా కనిపించి, పైన చారలకీ పక్క చారలకీ సంబంధం లేకపోతే అది వెనీర్, అంటే చవక చెక్క మీదో ప్లైవుడ్ మీదో అతికించిన మంచి చెక్క పొర. వెనీర్ అంటే చిన్నచూపు అక్కర్లేదు, చాలా గొప్ప సామాను కూడా వెనీర్‌తోనే చేశారు. కాకపోతే ఈమధ్య వస్తున్న వెనీర్ అర మిల్లీమీటరు దగ్గర్లో ఉంటుంది, కాబట్టి దాన్ని రుద్దేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఇక స్క్రూ రంధ్రంలోకి చూస్తే రంపపు పొట్టు, చెక్క పలుకులు అతికించినట్టు కనిపిస్తే పార్టికల్ బోర్డ్. మీ షెల్ఫ్ దాదాపు ఖాయంగా అదే, పైన చెక్క డిజైన్ అచ్చువేసిన కాగితమో ప్లాస్టిక్ లాంటి పొరో ఉంటుంది.

మీ పెయింట్ ఊడిపోవడానికి కారణం కూడా ఇదే. చెక్కకి సన్నటి రంధ్రాలుంటాయి, పెయింట్ కొంచెం లోపలికి దిగి పట్టుకుంటుంది. ఆ షెల్ఫ్ మీది పొరకి అలాంటివేం ఉండవు, నున్నటి గాజు మీద వేసినట్టే. పైగా దాని మీద చేతి జిడ్డు, ఫర్నిచర్ పాలిష్ ఉండి ఉంటాయి. పెయింట్ తప్పేం లేదు, అది పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదంతే.

ఇప్పుడు బీరువా. దీని గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీ దగ్గరున్న వాటిలో ఖరీదైన వస్తువు ఇప్పటికే ఇదే కావచ్చు. దాన్ని పెయింట్ చేయొద్దని నా గట్టి అభిప్రాయం. చెక్క రంగు కనిపించేలా బాగుచేశాక నచ్చకపోతే తర్వాత ఎప్పుడైనా పెయింట్ వేసుకోవచ్చు, కానీ ఒకసారి పెయింట్ వేసి మళ్లీ చెక్క చారల్లోంచి ఆ తెలుపంతా లాగాలంటే రోజుల తరబడి పని. ఒకవేళ అది బాగా పాతదీ, చేత్తో చెక్కిన పనీ, తయారుచేసినవాళ్ల ముద్ర లాంటిదీ ఏమైనా కనిపిస్తే అసలేం చేయకముందు తెలిసినవాళ్లకి చూపించండి, పాత పాలిష్ గీకేస్తే విలువ పడిపోయే వస్తువులు ఉంటాయి.

మొదటి రోజు శుభ్రం చేయడం తప్ప ఇంకేం పెట్టుకోకండి. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, గుడ్డని గట్టిగా పిండి తుడవండి, తర్వాత ఉత్త నీళ్ల గుడ్డతో, ఆ వెంటనే పొడి గుడ్డతో. గుడ్డకి అంటిన నలుపు చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. హ్యాండిళ్ల చుట్టూ, అంచుల మలుపుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు ఉంటుంది, అక్కడ పాత టూత్‌బ్రష్ వాడండి. ముదురు గోధుమ రంగు అనుకున్నది సగం మురికే అయిన బీరువాలు నేను చూశాను. శుభ్రం చేసి మైనం పాలిష్ పెడితే చాలు, ఇంకేం అక్కర్లేదనిపించే అవకాశం నిజంగానే ఉంది, అప్పుడు అక్కడితో ఆపేయండి.

మచ్చలు ఉన్నాయన్నారు కాబట్టి పైపలక వరకు పని తప్పకపోవచ్చు. తెల్ల వలయాలు, నల్ల మచ్చ ఒకే జాతి కావు. తెల్లవి పాలిష్ పొరలో చిక్కుకున్న తేమ, చెక్క దాకా పోలేదు. వాటి మీద పెట్రోలియం జెల్లీ మందంగా రాసి రాత్రంతా వదిలేసి పొద్దున తుడిచి చూడండి, చాలాసార్లు సగానికి తగ్గుతాయి. లేదా హెయిర్ డ్రయ్యర్‌ని తక్కువ వేడిలో పెట్టి, ఒక్కచోటే ఆపకుండా కదుపుతూ వేడిచేస్తే తేమ బయటికి పోతుంది. నల్ల మచ్చ అలా పోదు. నీళ్లు పాలిష్ దాటి చెక్కలోకి దిగి, చెక్కలో ఉండే టానిన్ అనే వగరు పదార్థం, ఎక్కడో తగిలిన ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది. తడి ఇనప డబ్బా ఎప్పుడో ఆ చోట పెట్టి ఉంటారు. పాలిష్ తీసేసిన చెక్క మీద ఆక్సాలిక్ యాసిడ్ ద్రావణం రాస్తే ఆ నలుపు కళ్లముందే పలచబడుతుంది. కాకపోతే అది విషం, గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. పని అయ్యాక ఉత్త నీళ్లతో రెండుమూడు సార్లు కడిగి తుడవాలి, ఆరాక పైన తెల్లటి పొడిలా మిగిలితే దాన్ని రుద్ది గాల్లోకి లేపకుండా మళ్లీ తడిగుడ్డతో తీసేయాలి. పిల్లలు తిరిగే ఇల్లయితే ఆ ఒక్క పనీ బయట చేయండి.

పాలిష్ ఏ రకమో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. వెనకవైపు కనబడని చోట దూదిని మెథిలేటెడ్ స్పిరిట్‌లో (ఆల్కహాల్ రకం) ముంచి ఒక నిమిషం అద్ది ఉంచండి. అక్కడ జిగురుగా మెత్తబడితే అది లక్కతో చేసిన పాలిష్. లక్క పురుగు చెట్టు కొమ్మల మీద వదిలే జిగురుని స్పిరిట్‌లో కరిగిస్తే వచ్చేదే అది, అందుకే స్పిరిట్ పడితే మళ్లీ కరుగుతుంది. స్పిరిట్‌కి చలించకుండా థిన్నర్‌కి మెత్తబడితే లాకర్ అనే పాలిష్. రెండిటికీ కదలకపోతే పాలీయురిథేన్ లాంటి గట్టి వార్నిష్. ఇదంతా ఎందుకంటే, లక్క అయితే మీ పని సగానికి సగం తగ్గిపోతుంది. పాతదంతా గీకక్కర్లేదు, శుభ్రం చేసి పల్చగా కొత్త లక్క వేస్తే కొత్త పొర పాత పొరలోకి కరిగి కలిసిపోతుంది. మిగతా రకాలకి ఆ గుణం తక్కువ, పైపలక వరకైనా పాతది తీసి మళ్లీ వేయాల్సి వస్తుంది. అయితే లక్క వేడికీ, ఆల్కహాల్‌కీ తట్టుకోదు, కాబట్టి పైన వేడి కప్పులు పెట్టే అలవాటుంటే పైపలకకి మాత్రం పాలీయురిథేన్ వేసుకోవడం మేలు.

పాలిష్ తీసిన పైపలకని రుద్దడానికి శాండ్‌పేపర్ 120 నంబరుతో మొదలుపెట్టి 180, తర్వాత 220, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ఎప్పుడూ చెక్క చారల దారిలోనే రుద్దాలి, అడ్డంగా ఒక్క గీత పడినా అప్పుడు కనబడదు, పాలిష్ పడ్డాక మాత్రం పైకి లేచి కూర్చుంటుంది. నంబరు మార్చే ముందు ఫోన్ టార్చ్‌ని పలకకి పక్కనుంచి, దాదాపు ఆనించి పెట్టి చూడండి, గీతలన్నీ నీడలు వేసుకుని కనిపిస్తాయి. వెనీర్ అయితే 180తో, చేత్తో మాత్రమే, అంచుల దగ్గర మరీ తేలిగ్గా. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక గుండ్రటి బల్ల అంచు మీద మిషన్ పెట్టాను, రెండు మూడు క్షణాలు ఎక్కువ ఆగాను, అంతే, బొటనవేలంత మేర వెనీర్ పోయి కింద పాలిపోయిన చెక్క బయటపడింది. దానికి తిరుగు లేదు. ఆ బల్ల ఎవరికి చేస్తున్నానో వాళ్లకి ఆ మాట చెప్పడానికి రెండు రోజులు పట్టింది నాకు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

సొట్టలు కనిపిస్తే వెంటనే లప్పం పెట్టేయకండి. చెక్క పీచు తెగకుండా కేవలం నొక్కుకుపోయి ఉంటే దాన్ని మళ్లీ లేపొచ్చు. సొట్టలో రెండు చుక్కల నీళ్లు వేసి పది నిమిషాలు నాననివ్వండి, దాని మీద తడిగుడ్డ మడతపెట్టి వేడి ఇస్త్రీపెట్టె కొసతో కొద్ది క్షణాలు నొక్కండి. ఇస్సుమని ఆవిరి లేస్తుంది, గుడ్డ తీస్తే సొట్ట అడుగు పైకి వచ్చేసి ఉంటుంది. ఇంకోసారి, ఇంకోసారి చేస్తే చేతికి తెలియనంతగా సమం అయిపోతుంది. ఇది పాలిష్ తీసిన గట్టి చెక్కకే, పాలిష్ మీద చేస్తే మళ్లీ తెల్ల మచ్చలొస్తాయి, వెనీర్ మీద చేస్తే కింది జిగురు ఊడే ప్రమాదం ఉంది.

చివరికి పాలిష్. ఆయిల్ ఫినిష్ మొదటిసారి చేసేవాళ్లకి తేలిక, గుడ్డతో రాసి, పావుగంట ఆగి, మిగిలిందంతా తుడిచేయడమే, తుడవడం మర్చిపోతే మాత్రం రోజుల తరబడి జిగురుగా ఉండిపోతుంది. ఇక్కడ ఒక ముఖ్యమైన మాట, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అవిసె నూనె లాంటివి ఉండే ఫినిష్‌తో తడిసిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడికి బయటికి దారి ఉండదు. కాబట్టి గుడ్డల్ని ఒక్కొక్కటీ విప్పి ఆరుబయట పరిచి పూర్తిగా గట్టిపడేదాకా ఆరనివ్వండి, లేదా నీళ్లు నింపిన ఇనప డబ్బాలో ముంచి మూత పెట్టండి.

సొరుగులు. నా దృష్టిలో బీరువాని ఖరీదుగా చేసేది ఇవే. లోపల పక్క పట్టీల మీద, సొరుగు అడుగు అంచుల మీద ఉత్త కొవ్వొత్తిని నాలుగైదుసార్లు రుద్దండి, బిగుసుకుపోయి రెండు చేతులతో లాగాల్సి వచ్చిన సొరుగు ఒక్క వేలితో వస్తుంది. పాత వాసన ఉంటే సొరుగుల్ని విప్పి ఒకరోజు గాలికి పెట్టండి, అప్పటికీ పోకపోతే లోపలివైపు పల్చగా లక్క ఒక పూత వేయండి, వాసనని లోపలే కట్టేస్తుంది. తర్వాత అడుగున మంచి మందపాటి కాగితం కొలతకి కత్తిరించి పరవండి. ఎవరో సొరుగు తెరిచినప్పుడు లోపల కూడా శుభ్రంగా, ముచ్చటగా కనబడటం అనేది కొత్త చవక సామానులో దొరకదు.

ఇక షెల్ఫ్. మీ తెల్ల పెయింట్ ఇక్కడ వేయండి, ఇక్కడైతే నాకు అభ్యంతరం లేదు. వేసిన మూల ముందు గీకేయండి, షెల్ఫ్ మొత్తం సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. 220 శాండ్‌పేపర్‌తో మెరుపు పోయేంతవరకే రుద్దండి, పొర చిరిగేదాకా వద్దు, నున్నటి మెరుపు పోయి మసకబారితే చాలు. ధూళి తుడిచి, నున్నటి పొరల మీద పట్టే బాండింగ్ ప్రైమర్ ఒక పూత వేయండి. డబ్బా మీద లామినేట్‌కి, టైల్స్‌కి పనికొస్తుందని రాసుంటే అది సరైనది. ప్రైమర్ ఆరాక మళ్లీ గోటి పరీక్ష చేయండి, ఊడకపోతేనే ముందుకి వెళ్లండి. పెయింట్ సన్నటి స్పాంజి రోలర్‌తో, పల్చగా, రెండు మూడు పూతలు, మధ్యలో 320తో తేలిగ్గా ఒకసారి రుద్ది ధూళి తుడిచి. ఒకే పూతలో కప్పేద్దామని మందంగా వేస్తే కారుతుంది, కారిన చుక్క ఒక్కటి చాలు చవకగా కనిపించడానికి. మెరిసిపోయే గ్లాసీ పెయింట్ కాకుండా, కొద్దిగా మాత్రమే మెరిసే శాటిన్ రకం తీసుకోండి, బాగా మెరిసే పెయింట్ ప్రతి గుంటనీ ఎత్తి చూపిస్తుంది.

వేసిన రెండు గంటలకి చేతికి అంటడం లేదు కదా అని పుస్తకాలు సర్దేయకండి. ఆరడం వేరు, గట్టిపడటం వేరు. నీటితో పలచబరిచే పెయింట్లు పూర్తిగా గట్టిపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు తీసుకుంటాయి, ఆలోగా బరువు పెడితే పుస్తకాల అట్టలు పెయింట్‌కి అతుక్కుని, తీసినప్పుడు పెయింట్‌తో సహా వస్తాయి.

చవక షెల్ఫ్‌ని పట్టిచ్చేవి రెండున్నాయి, పలచటి అరలు, వెనక కొట్టిన అట్ట. అర ముందు అంచుకి నాలుగు సెంటీమీటర్ల వెడల్పు చెక్క పట్టీ జిగురుతో అతికించి సన్నటి మేకులు కొడితే, చూసేవాళ్లకి అర మొత్తం ఆ మందమే అనిపిస్తుంది, పైగా వంగడం కూడా తగ్గుతుంది. వంగిన అరలుంటే ముందు తిరగేసి పెట్టండి. వెనక అట్ట తీసి పలచటి ప్లైవుడ్ వేస్తే షెల్ఫ్ ఊగడం ఆగిపోతుంది. పైన, కింద చెక్క బీడింగ్ పెట్టి, గోడకీ దానికీ మధ్య సందుని పెయింట్ వేయగల సీలెంట్‌తో మూసి, గోడ రంగో దానికి దగ్గరి రంగో వేస్తే గోడలోనే కట్టించిన అల్మారాలా తయారవుతుంది. ఐకియా వాళ్ల బిల్లీ అనే పుస్తకాల షెల్ఫ్ ఒకటుంది, 1979 నుంచి వస్తోంది, దాన్ని ప్రపంచమంతా ఇలాగే మార్చుకుంటున్నారు, మీ పని కష్టమనిపించినప్పుడు ఆ ఫొటోలు చూడండి. బోర్డు ఎక్కడైనా నీళ్లు తాగి ఉబ్బి ఉంటే మాత్రం ఆ ముక్క మార్చడం తప్ప దారి లేదు, ఉబ్బిన పార్టికల్ బోర్డ్ మళ్లీ అణగదు. రంధ్రంలో స్క్రూ వదులుగా తిరుగుతుంటే అగ్గిపుల్లలు జిగురులో ముంచి దూర్చి, ఆరాక బయటికి మిగిలిన కొనలు కోసేసి, మళ్లీ స్క్రూ బిగించండి. చివరిగా షెల్ఫ్‌ని గోడకి బ్రాకెట్‌తో బిగించడం మర్చిపోవద్దు, బీరువానీ అంతే, కింది సొరుగులన్నీ ఒకేసారి లాగి పిల్లలు మెట్లలా ఎక్కితే ముందుకి పడిపోతాయి.

కుర్చీల సంగతి. కూసాలు కదిలిన కుర్చీకి పైనుంచి జిగురు పోస్తే నిలవదు, ఎందుకంటే కొత్త జిగురు పాత ఎండిన జిగురు మీద పట్టదు, దానికి చెక్క తగలాలి. వదులుగా ఉన్న అతుకుల్ని రబ్బరు సుత్తితో జాగ్రత్తగా విడగొట్టండి, ప్రతి ముక్క మీదా టేప్ అంటించి ఎడమ, కుడి, ముందు, వెనక అని రాసుకోండి, నాలుగు కుర్చీలూ ఒకేసారి విప్పొద్దు. పాత జిగురు గీకేయండి, బాగా పాత కుర్చీల్లో వాడింది జంతువుల చర్మాల నుంచి తీసిన జిగురైతే గోరువెచ్చటి నీళ్లకే మెత్తబడి వచ్చేస్తుంది. చెక్క జిగురు రెండువైపులా రాసి, కలిపి, క్లాంపులు లేకపోతే కాళ్ల చుట్టూ తాడు రెండు వరసలు కట్టి మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పండి, అదే బిగుస్తుంది. బిగించే ముందు కుర్చీని సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి నాలుగు కాళ్లూ ఆనుతున్నాయో లేదో చూడండి, జిగురు ఆరాక చూస్తే లాభం లేదు. మర్నాటిదాకా ఎవరూ కూర్చోవద్దు.

పాత రంగు పొరలున్నాయన్నారు. దశాబ్దాల నాటి పెయింట్‌లో సీసం ఉండొచ్చు, దాన్ని పొడిగా రుద్ది ధూళి లేపితే ఆ ధూళి పిల్లలకి, గర్భిణులకి చాలా ప్రమాదం. సీసం పరీక్ష కిట్లు దొరుకుతాయి, ముందు పరీక్షించండి. ఉందని తేలితే లేదా అనుమానం తీరకపోతే మీరు గీకే పని పెట్టుకోకండి, ఆ పని తెలిసినవాళ్లకి ఇవ్వండి. ఈ ఒక్క విషయంలో సొంతంగా చేయమని నేను చెప్పను.

సీటు విడిగా స్క్రూలతో బిగించినదైతే మీ అదృష్టం. తీసి, పాత గుడ్డనే కొలతగా పెట్టుకుని కొత్త గుడ్డ చుట్టూ కొంచెం ఎక్కువ ఉంచి కత్తిరించండి. స్పాంజి కొత్తది, గట్టిది, అయిదు సెంటీమీటర్లది వేసి, దాని మీద పల్చటి దూదిపొర పరిస్తే అంచులు గుండ్రంగా వస్తాయి. స్టేపుల్ గన్‌తో ముందు నాలుగు వైపులా మధ్యలో ఒక్కొక్కటి కొట్టి, తర్వాత మూలల వైపు వెళ్లండి, గుడ్డ సమంగా లాగబడుతుంది. గుడ్డ దగ్గర మాత్రం చవకకి పోవద్దు, మిగతా చోట్ల మిగిల్చింది ఇక్కడ పెట్టండి.

హ్యాండిళ్లు అందరూ చివర్లో ఆలోచిస్తారు, నేనైతే మొదట్లోనే కొలుస్తాను. రెండు స్క్రూ రంధ్రాల మధ్య నుంచి మధ్యకి ఎంతో మిల్లీమీటర్లలో కొలవండి. ఇప్పుడొచ్చే హ్యాండిళ్లు చాలావరకు 32 గుణిజాల్లో ఉంటాయి, 64, 96, 128, 160 అలా. మీ పాత రంధ్రాలు వాటికి కలిస్తే సరే, లేకపోతే పాతవి పూడ్చి కొత్తవి చేయాలి, పెయింట్ వేసే వస్తువైతే ఫర్వాలేదు గానీ చెక్క రంగుతో ఉంచే బీరువాకి ఆ పూడ్చిన మచ్చలు కనబడతాయి. కాబట్టి బీరువాకి పాత హ్యాండిళ్లనే విప్పి శుభ్రం చేయడం మంచిది. అయస్కాంతం అంటుకోకపోతే అవి ఇత్తడివి అయ్యే అవకాశం ఉంది, మురికి కింద ఏముందో తోమితే గానీ తెలియదు. షెల్ఫ్‌కి తలుపులేమైనా ఉంటే బరువున్న లోహపు హ్యాండిళ్లు రెండు పెట్టండి, చేతికి చల్లగా, బరువుగా తగిలే హ్యాండిల్ ఆ తలుపు మొత్తాన్ని పైకి ఎత్తేస్తుంది.

గోల్డ్ స్ప్రే గురించి అడగకపోయినా చెబుతాను, అంచులకి వేయొద్దు. నిజమైన ఇత్తడి ఒక్కోచోట ఒక్కోలా మెరుస్తుంది, వాడుతున్న చోట రంగు మారుతుంది, స్ప్రే అంతటా ఒకేలా పసుపుగా ఉండి రెండు అడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది. మార్బుల్ స్టిక్కర్లూ అంతే, పలక మధ్యలో బాగుంటాయి, మలుపు దగ్గర మడత పడగానే తేలిపోతాయి. వీడియోల్లో చాక్ పెయింట్ కూడా చూసి ఉంటారు, 1990లో ఆనీ స్లోన్ అనే బ్రిటిష్ రంగుల నిపుణురాలు తయారుచేసిన రకం అది, రుద్దకుండా, ప్రైమర్ లేకుండా చాలావాటి మీద పడుతుంది, నిజమే. మెత్తటి మసక అందం ఉంటుంది. కానీ పైన మైనమో వార్నిషో వేయకపోతే మరకలు పీల్చుకుంటుంది, జిడ్డు తుడవని చోట అది కూడా ఊడుతుంది. కుర్చీలకి బాగుంటుంది కావాలంటే.

వరస చెబుతాను. ఈ వారాంతం షెల్ఫూ వద్దు, కుర్చీలూ వద్దు. బీరువా సొరుగులు నాలుగూ తీసి కడిగినట్టు తుడిచి, ఆరాక కొవ్వొత్తి రుద్ది, మళ్లీ పెట్టండి. కొత్తవి కొందాం అంటున్నవాళ్లని పిలిచి ఏమీ చెప్పకుండా పై సొరుగు లాగి చూడమనండి. వచ్చే వారం, సీసం లేదని పరీక్షలో తేలితే, ఒక్క కుర్చీ విప్పండి. ఆ జిగురు ఆరే రోజున షెల్ఫ్ తుడిచి రుద్దడం మొదలుపెట్టండి, ప్రైమర్ వేశాక గోటి పరీక్ష మాత్రం దాటవేయకండి. గోల్డ్ స్ప్రే మూత తీయకపోతే తిరిగి తీసుకుంటారేమో అడగండి. తెల్ల డబ్బా ఉంచుకోండి, కానీ దాని మీద నీటితో పలచబరిచే రకమో ఆయిల్ రకమో చదవండి, ఆయిల్ రకమైతే వెలుతురు తక్కువగా ఉండే చోట కొన్నాళ్లకి పసుపు తిరుగుతుంది, మీ షెల్ఫ్ కిటికీకి దూరంగా ఉండేటట్టయితే దాన్ని మార్చి నీటి రకం తెచ్చుకోండి.